ఉత్తర ధ్రువ సీమలో ప్రకృతి ఫోటోగ్రఫీ: ఒక్క తీరాన్ని ఎంచుకుని ఏళ్ల తరబడి ఎలా పనిచేయాలి

రాత్రి ఆకాశంలో రంగుల తెరలా మెరిసే అరోరా ఫోటోలు చూసి ఉత్తరానికి వెళ్లాలని ఆశపడే తెలుగువాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. ఉద్యోగాల మీద స్వీడన్, ఫిన్లాండ్, నార్వేల్లో ఉంటున్నవాళ్లూ, హైదరాబాద్ నుంచి సెలవు పెట్టి వెళ్లేవాళ్లూ ఉన్నారు. చాలామంది రెండు మూడు రాత్రులు ఆకాశం వైపు చూసి, మబ్బు పట్టిందని నిరాశపడి తిరిగొస్తారు. ఆశలో లోపం లేదు, పద్ధతి తెలియక అలా జరుగుతుంది. అక్కడి ప్రకృతిని ఫోటో తీయడం ఏళ్ల తరబడి చేసే పనిగా పెట్టుకోవాలని అనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఖరీదైన కెమెరా లేకపోయినా మొదలుపెట్టవచ్చు. ఓపిక మాత్రం మొదటి రోజు నుంచే కావాలి.

మొదటి పని: చోటు తేల్చుకోండి

ఫిన్లాండ్‌కు చెందిన హన్ను హౌతాలా (1941–2023) జీవితాన్ని చూస్తే ఈ పని ఎలా చేయాలో అర్థమవుతుంది. ఆర్కిటిక్ వలయానికి కాస్త కిందున్న కూసమో అనే ఊళ్లో స్థిరపడి, దశాబ్దాల పాటు ఆ చుట్టుపక్కల అడవులనే ఫోటోలు తీశాడాయన. సైబీరియన్ జే అనే అడవి పక్షి, హూపర్ హంసలు, గోల్డెన్ ఈగిల్స్ ఆయన ఫోటోల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ఇప్పుడు కూసమోలో ఆయన పేరుతో ఒక ప్రకృతి ఫోటో కేంద్రం ఉంది. పది దేశాలు తిరిగి తలా ఒక ఫోటో తెచ్చుకునేవాళ్ల కంటే, ఒకే అడవికి తిరిగి తిరిగి వెళ్లిన మనిషికి ఆ అడవి ఎక్కువ చూపిస్తుంది. ఏ కొమ్మ మీద పక్షి వాలుతుందో, ఏ నెలలో పొగమంచు చెరువు మీద నిలుస్తుందో తెలిసేది అలాగే.

మీకు నా సూచన నార్వే ఈశాన్య కొసన, ఫిన్‌మార్క్ అనే ప్రాంతంలో ఉన్న వరాంగెర్ ద్వీపకల్పం. సుమారు 70 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, బారెంట్స్ సముద్రం ఒడ్డున ఉంటుంది. అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చటి ప్రవాహం వల్ల ఇక్కడ సముద్రం చలికాలంలోనూ గడ్డకట్టదు. అందుకే సైబీరియాలో గుడ్లు పెట్టే స్టెల్లర్స్ ఐడర్, కింగ్ ఐడర్ బాతులు చలికాలం గడపడానికి ఇక్కడి రేవులకు వస్తాయి. ఊరి జెట్టీ దగ్గర నిలబడి వాటిని చూడవచ్చు. వరాంగెర్‌బోత్న్ నుంచి వాడ్సో మీదుగా వార్డో దాకా ఈ75 రహదారి సముద్రాన్ని ఆనుకునే పోతుంది. వార్డో ఒక ద్వీపం మీద ఉన్న ఊరు. అక్కడికి వెళ్లే దారి సముద్రం కింద తవ్విన సొరంగం, నార్వేలో ఆ రకం సొరంగాల్లో ఇదే మొదటిది. మంచులో నడవడం అలవాటు లేనివాళ్లకు కారు దిగి పది అడుగుల్లో పక్షులు కనిపించే చోటు దొరకడం చిన్న విషయం కాదు.

అరోరా ఒక్కటే మీ మనసులో ఉంటే స్వీడన్‌లోని అబిస్కో మేలు. చుట్టూ ఉన్న కొండలు తడిగాలిని అడ్డుకోవడం వల్ల టోర్నెట్రాస్క్ సరస్సు మీద ఆకాశం మిగతా చోట్ల కంటే ఎక్కువగా తేటగా ఉంటుంది. కిరునా నుంచి నార్విక్ వెళ్లే రైలు ఆ ఊళ్లోనే ఆగుతుంది.

నార్వేకు ఉత్తరాన సముద్రంలో ఉన్న స్వాల్‌బార్డ్ దీవులను మాత్రం మొదటి యాత్రకు పెట్టుకోకండి. ధ్రువపు ఎలుగుబంటి ఫోటో మీద అందరికీ మోజు ఉంటుంది, నాకు తెలుసు. కానీ అక్కడ ఊరి పొలిమేర దాటితే ఎలుగును భయపెట్టి తరిమే సాధనం చేతిలో ఉండాలి, తుపాకీ తెలిసిన గైడ్ వెంట ఉండటం మంచిది. 2025 జనవరి 1 నుంచి వచ్చిన నిబంధనల ప్రకారం ఎలుగుకు కనీసం 300 మీటర్ల దూరం పాటించాలి, మార్చి 1 నుంచి జూన్ 30 వరకు 500 మీటర్లు. ఆ దూరం నుంచి ఎలుగు ముఖం ఫ్రేము నిండా రాదు. మంచు మైదానంలో చిన్నగా కనిపించే ఎలుగును, దాని చుట్టూ ఉన్న లోకంతో కలిపి తీయడం నేర్చుకున్నాక వెళ్లండి. అప్పుడు ఆ నిబంధన మీకు అడ్డంకిగా అనిపించదు. అక్కడి నీ-ఓలెసుండ్‌లో 2008 నుంచి మన దేశపు పరిశోధన కేంద్రం హిమాద్రి పనిచేస్తోంది. ఆ ఊరి చుట్టూ 20 కిలోమీటర్ల పరిధిలో రేడియో నిశ్శబ్దం పాటిస్తారు కాబట్టి కెమెరాలో, ఫోన్‌లో వైఫై, బ్లూటూత్ ఆపేయాలి.

రెండో పని: వెలుగు ఎప్పుడెలా ఉంటుందో ముందే రాసుకోండి

మన దగ్గర ఉదయం ఒక గంట, సాయంత్రం ఒక గంట మంచి వెలుగు. మిగతా పొద్దంతా ఎండ నడినెత్తిన ఉంటుంది. 70 డిగ్రీల ఉత్తరాన లెక్క వేరు. మార్చి 21 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు క్షితిజం మీద 20 డిగ్రీలే లేస్తాడు. అంటే మనకు గంటసేపు దొరికే ఏటవాలు వెలుగు అక్కడ పగలంతా ఉంటుంది. జూన్‌లో అర్ధరాత్రి సూర్యుడు మూడు డిగ్రీల ఎత్తున బంగారు రంగులో ఉంటాడు, మధ్యాహ్నం 43 డిగ్రీలకు లేస్తాడు. కాబట్టి వేసవిలో పగలు నిద్రపోయి, రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజామున నాలుగింటి దాకా పనిచేయండి. గది కిటికీలకు నల్లటి తెరలు ఉన్నాయో లేదో బుక్ చేసేటప్పుడే అడగండి. లేకపోతే నిద్ర పట్టక మూడో రోజుకే నీరసపడతారు.

వార్డో ప్రాంతంలో నవంబరు చివరి వారం నుంచి జనవరి మూడో వారం దాకా సూర్యుడు ఉదయించడు. అది కటిక చీకటి అనుకుంటారు చాలామంది. మధ్యాహ్నం వేళ కొన్ని గంటల పాటు నీలం, ఊదా, దక్షిణాన కాస్త గులాబీ రంగు కలిసిన సంధ్య వెలుగు ఉంటుంది. దాన్ని ఎక్కడా కొనలేరు. నా మటుకు నాకు ఉత్తరాదిలో అన్నిటికంటే అందమైన వెలుగు అదే, ఏటా కొద్దిమందే దాని కోసం వెళ్తారు.

మొదటిసారి వెళ్లేవాళ్లకు మార్చి రెండో సగం నుంచి ఏప్రిల్ మొదటి వారం దాకా సరైన సమయం. నేల మీద మంచు ఉంటుంది, పగలు పొడుగ్గా ఉంటుంది, ఐడర్ బాతులు ఇంకా వెళ్లిపోయి ఉండవు, వార్డో పక్కనున్న హోర్నోయా ద్వీపానికి గిల్లెమాట్‌లు అనే సముద్ర పక్షులు వచ్చేసి ఉంటాయి, రాత్రికి అరోరా చూసేంత చీకటి కూడా ఉంటుంది. ఏప్రిల్ మధ్య దాటితే రాత్రి చీకటి పడటం ఆగిపోతుంది. మళ్లీ అరోరా కోసం ఆగస్టు చివరి దాకా ఆగాలి.

మూడో పని: వెళ్లకముందు ఇక్కడే సాధన చేయండి

ఉత్తరాది పక్షులను చూడటానికి ముందు పులికాట్‌కో, కాకినాడ దగ్గరి కోరంగికో వెళ్లండి. చలికాలంలో ఆ బురద నేలల మీద పరుగులు తీసే లిటిల్ స్టింట్, కర్లూ శాండ్‌పైపర్ వంటి ఉల్లంకి పిట్టలు వేసవిలో గుడ్లు పెట్టేది ఆర్కిటిక్ టండ్రాలోనే. లిటిల్ స్టింట్ ఉత్తర నార్వే నుంచి సైబీరియా దాకా గూడు కడుతుంది. మన తీరంలో బూడిద రంగులో చూసిన పిట్టను జూన్‌లో టండ్రా మీద ఎర్రటి ఈకలతో చూసినప్పుడు కలిగే ఆనందం వేరు. ఆ ఆనందం కోసమైనా ముందు దాన్ని ఇక్కడ బాగా ఎరిగి ఉండాలి. బురదలో బోర్లా పడుకుని, లెన్స్‌ను పిట్ట కంటి ఎత్తుకు దించి, అది తనంతట తాను దగ్గరికి వచ్చేదాకా కదలకుండా ఉండటం సాధన చేయండి. మీరు వెంటబడితే అది ఎగిరిపోతుంది, మీరు ఆగితే అది వస్తుంది. వరాంగెర్‌లోనూ పద్ధతి అదే.

మంచు మీద ఎక్స్‌పోజర్ నేర్చుకోవడానికి నౌపడ, చినగంజాం వైపు ఉప్పు మడులకు వెళ్లండి. ఫ్రేము నిండా తెల్లటి ఉప్పు ఉంటే కెమెరా దాన్ని బూడిద రంగుగా మార్చేస్తుంది. మంచు దగ్గర జరిగేది సరిగ్గా ఇదే. ఫోటో వెలుగును పెంచే, తగ్గించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను ప్లస్ 1 నుంచి ప్లస్ 1.7 దాకా పెంచుతూ, ఫోటోలో వెలుగు పంపకాన్ని చూపే హిస్టోగ్రామ్ గ్రాఫు కుడి అంచును తాకకుండా ఎక్కడ ఆపాలో చూసుకోండి. చేతివేళ్లకు ఈ అలవాటు పడాలి. గ్లవ్స్ వేసుకుని అదే పని చేసి చూడండి. మందపాటి ఉన్ని గ్లవ్స్‌తో ఏ బటన్ ఎక్కడుందో చూడకుండా నొక్కగలిగితే సగం కష్టం తీరినట్టే.

వీలుంటే ఒక చలికాలం లద్దాఖ్‌కో స్పితికో వెళ్లిరండి. అక్కడ మైనస్ 20లో ఒక రాత్రి గడిపితే మీ శరీరం గురించి, మీ బ్యాటరీల గురించి చాలా తెలుస్తుంది. లద్దాఖ్‌లోని హన్లే దగ్గర ఆకాశం ఎంత నల్లగా ఉంటుందంటే, 2024 మే 10–11 నాటి సౌర తుఫానులో అక్కడి నుంచి కూడా ఎర్రటి అరోరా కెమెరాలకు చిక్కింది. నక్షత్రాల మీద ఫోకస్ చేయడం నేర్చుకోవడానికి మన దేశంలో అంతకంటే మంచి చోటు నాకు తెలియదు.

నాలుగో పని: వీసా, దారి, డబ్బు

నార్వే, స్వీడన్, ఫిన్లాండ్ మూడూ షెంగెన్ దేశాలే, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలోవి. పర్యాటక వీసా మీద ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండకూడదు. దరఖాస్తు ఆరు నెలల ముందు నుంచే చేయవచ్చు, చివరి నిమిషం దాకా ఆగి టెన్షన్ పడొద్దు. స్వాల్‌బార్డ్‌కు విడిగా వీసా అక్కర్లేదు, కానీ అది షెంగెన్ పరిధిలోకి రాదు. నార్వే మీదుగా వెళ్లి రావాలి కాబట్టి కనీసం రెండుసార్లు ప్రవేశించడానికి వీలున్న వీసా తీసుకోండి. పర్యాటక వీసా మీద అక్కడ గైడ్‌గా పనిచేసి డబ్బు తీసుకోవడం కుదరదు, ఆ ఆలోచన ఉంటే సరైన అనుమతి కోసం ముందే చూసుకోండి.

ఓస్లో నుంచి కిర్కెనెస్‌కు నేరుగా విమానం ఉంది. అక్కడ కారు అద్దెకు తీసుకోవాలి. చలికాలంలో మేకుల టైర్లున్న కారు అడగండి. మంచు తుఫాను వచ్చినప్పుడు కొండ దారులను మూసేస్తారు, లేదంటే మంచు తవ్వే వాహనం వెనకాల కార్లన్నిటినీ ఒక వరసలో పంపిస్తారు. ద్వీపకల్పం ఉత్తర తీరంలోని బోట్స్‌ఫ్యోర్డ్ ఊరికి వెళ్లే దారిలో ఇది మామూలే. కాబట్టి తిరుగు విమానానికి ఒక రోజు ముందే విమానాశ్రయం ఉన్న ఊరికి చేరుకునేలా చూసుకోండి. బండిలో దుప్పటి, తినడానికి ఏదైనా, ఫ్లాస్కులో వేడినీళ్లు ఎప్పుడూ ఉండాలి.

భోజనం ఖరీదు. సామాన్ల దుకాణంలో కొనుక్కుని వంటగది ఉన్న గదిలో వండుకుంటే ఖర్చు బాగా తగ్గుతుంది. పచ్చడి, పొడులు, మరమరాలు ఇంటి నుంచి తీసుకెళ్లండి. మాంసం, పాల పదార్థాలు మాత్రం సామానులో పెట్టకండి. నెయ్యి కూడా పాల పదార్థమే, యూరప్ వెలుపలి నుంచి అవి తీసుకెళ్లడానికి అనుమతి ఉండదు. విడి లిథియం బ్యాటరీలను చెక్-ఇన్ పెట్టెలో పెట్టకూడదు, చేతి సంచిలోనే ఉంచుకోవాలి.

ఐదో పని: ముందు మీరు వెచ్చగా ఉండండి

చలికి వణికే మనిషి మంచి ఫోటో తీయలేడు. ఒంటికి తగిలే పొర మెరీనో ఉన్నిది ఉండాలి. నూలు బట్ట చెమట పీల్చుకుని తడిగా ఉండిపోతుంది, ఆగి నిలబడగానే ఆ తడి ఒళ్లంతా గడ్డకట్టిస్తుంది. దాని మీద మరో ఉన్ని పొర, ఆ మీద ఈకలు నింపిన జాకెట్, అన్నిటికీ పైన గాలి దూరని కోటు. నడిచేటప్పుడు ఒక పొర విప్పండి, ఆగినప్పుడు వేసుకోండి. బూట్లు ఒక సైజు పెద్దవి కొనండి. రెండు జతల మేజోళ్లు ఇరికిస్తే రక్తం ఆడక పాదాలు ఇంకా చల్లబడతాయి.

వరాంగెర్ తీరంలో ఉష్ణోగ్రత చూసి మోసపోకండి. సముద్రం పక్కన మైనస్ 10 అంటే పెద్దగా భయపడక్కర్లేదు అనిపిస్తుంది. గంటకు 54 కిలోమీటర్ల గాలి తోడైతే అదే ఒంటికి మైనస్ 22లా తగులుతుంది. లోతట్టు పీఠభూమిలో గాలి తక్కువ, చలి ఎక్కువ. నార్వేలో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత, మైనస్ 51.4 డిగ్రీలు, ఫిన్‌మార్క్ లోతట్టున ఉన్న కారాస్యోక్‌లో 1886 జనవరి 1న నమోదైంది. యర్ అనే నార్వే వాతావరణ యాప్‌లో ఉష్ణోగ్రతతో పాటు గాలి వేగం కూడా చూసి బయల్దేరండి.

చేతులకు పల్చటి లోపలి గ్లవ్స్, వాటి మీద వేళ్లన్నీ కలిసి ఉండే మందపాటి మిటెన్స్. షట్టర్ నొక్కేటప్పుడు పైది తీసి, వెంటనే వేసుకోండి. ఉత్త వేళ్లతో ట్రైపాడ్ లోహాన్ని పట్టుకోకండి. ట్రైపాడ్ కాళ్లకు ఫోమ్ చుట్టుకుంటే చాలు. వేలి కొసలు, ముక్కు, చెవులు తెల్లబడి స్పర్శ తెలియకపోతే ఫోటో ఎంత గొప్పదైనా అక్కడే వదిలేసి లోపలికి రండి. ఆ భాగాన్ని రుద్దకండి, మంచు అసలే రాయకండి. గోరువెచ్చని నీళ్లలో పెట్టి, డాక్టర్‌కు చూపించండి.

ఆరో పని: కెమెరాను చలికి సిద్ధం చేయండి

రెండు లెన్సులు చాలు. ఆకాశానికి, నేలకు 14–24 మిల్లీమీటర్ల మధ్య వెడల్పు లెన్స్. పక్షులకు, జంతువులకు 100–400 లేదా 150–600. డబ్బు మిగిలితే మూడో లెన్స్ కొనకండి, అక్కడ ఇంకో నాలుగు రోజులు ఉండండి.

బ్యాటరీలు చలిలో తొందరగా నీరసిస్తాయి. కనీసం మూడు పెట్టుకుని, వాడనివి కోటు లోపలి జేబులో ఒంటి వేడికి తగిలేలా ఉంచండి. అయిపోయిందనుకున్న బ్యాటరీ జేబులో కాసేపు వెచ్చబడ్డాక మళ్లీ కొన్ని ఫోటోలు తీస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ కెమెరాలు పాడయ్యేది చలిలో కాదు, గదిలోకి తిరిగొచ్చినప్పుడు. ఏసీ కారులోంచి విశాఖ బీచ్‌లో దిగగానే లెన్స్ మీద ఆవిరి పట్టడం మీరు చూసే ఉంటారు. అక్కడ అదే జరిగేది ఇంట్లోకి అడుగుపెట్టినప్పుడు, పైగా ఆ తడి కెమెరా లోపలికి కూడా దిగుతుంది. బయటే కెమెరాను జిప్ ఉన్న పెద్ద ప్లాస్టిక్ సంచిలో పెట్టి, గాలి తీసి, గట్టిగా మూసి లోపలికి తెండి. రెండు మూడు గంటలు తెరవకండి. నీటి చుక్కలు సంచి బయట పడతాయి, కెమెరా పొడిగా ఉంటుంది. ఆ రాత్రే ఫోటోలు చూసుకోవాలని ఉంటే మెమరీ కార్డును బయటే తీసి జేబులో వేసుకోండి.

ఇంకో విషయం, వ్యూఫైండర్ దగ్గర ఊపిరి వదలకండి. ఆ ఆవిరి అద్దం మీదే గడ్డకడుతుంది, గోకితే గీతలు పడతాయి. రాత్రి ఎక్కువసేపు ఉండాలంటే చేతులు వెచ్చబెట్టుకునే హీట్ ప్యాక్‌ను రబ్బరు బ్యాండుతో లెన్స్ చుట్టూ కట్టండి, ముందు గాజు మీద మంచు పట్టదు.

ఏడో పని: అరోరా

అరోరా ఆకుపచ్చ రంగు సుమారు 100 నుంచి 150 కిలోమీటర్ల ఎత్తున ఆక్సిజన్ పరమాణువులు విడుదల చేసే వెలుగు. అంతకంటే పైన, 200 కిలోమీటర్లు దాటాక, అదే ఆక్సిజన్ ఎరుపు రంగునిస్తుంది. కింది అంచున కనిపించే గులాబీ, ఊదా ఛాయలు నైట్రోజన్‌వి. మేఘాలు ఇంత ఎత్తున ఉండవు, కాబట్టి మబ్బు పడితే అరోరా దాని వెనక ఉండిపోతుంది. భూమి అయస్కాంత క్షేత్రంలో అలజడిని 0 నుంచి 9 దాకా కొలిచే కేపీ సూచీ 5 ఉందా 6 ఉందా అని ఫోన్ చూస్తూ కూర్చోకండి. 70 డిగ్రీల ఉత్తరాన కేపీ 1, 2 ఉన్నా అరోరా కనిపిస్తుంది. మీరు చూడాల్సింది మేఘాల మ్యాపు. మబ్బు లేని చోటికి బండి నడపడానికి సిద్ధంగా ఉండండి. మార్చి, సెప్టెంబరు నెలల్లో భూమి అయస్కాంత క్షేత్రం, సౌర గాలి కలిసే తీరు వల్ల అరోరా చురుగ్గా ఉండే అవకాశం ఎక్కువ.

వెలుతురు ఉండగానే చోటు చూసి పెట్టుకోండి. ముందుభాగంలో ఒక రాయో, పడవో, పాత ఇల్లో ఉంటే ఆకాశం ఎంత పెద్దదో తెలుస్తుంది. లెన్స్ మీద ఫిల్టర్ ఉంటే తీసేయండి. అరోరా ఆకుపచ్చ వెలుగు ఒకే తరంగదైర్ఘ్యంలో ఉండటం వల్ల ఫిల్టర్ గాజులో ప్రతిఫలించి ఫోటో మధ్యలో గుండ్రటి వలయాలు వస్తాయి, తర్వాత వాటిని తుడవడం చాలా కష్టం. ఆటోఫోకస్ ఆపి, లైవ్ వ్యూలో ఒక ప్రకాశవంతమైన నక్షత్రాన్ని పెద్దది చేసి చూస్తూ, అది చిన్న చుక్క అయ్యేదాకా ఫోకస్ తిప్పి, రింగు మీద టేపు వేయండి. గంటకొకసారి సరిచూసుకోండి.

మొదటి ఫోటోకు లెన్స్ ద్వారం ఎఫ్/2.8, వెలుగుకు కెమెరా స్పందించే ఐఎస్ఓ 1600, షట్టర్ 8 సెకన్లు పెట్టి చూడండి. మసకగా ఉంటే ఐఎస్ఓ 3200కు పెంచండి. అరోరా తెరలా ఊగుతూ వేగంగా కదులుతుంటే షట్టర్‌ను 2 సెకన్లకో 3 సెకన్లకో తగ్గించండి. 15 సెకన్లు తెరిచి ఉంచితే ఆ మడతలన్నీ కలిసిపోయి ఆకుపచ్చ పొగ మాత్రమే మిగులుతుంది. రంగులను సరిచేసే వైట్ బ్యాలెన్స్ 3500–4000 కెల్విన్ మధ్య ఉంచి, తర్వాత దిద్దుకోవడానికి వీలుండే రా ఫైలులో తీయండి. చీకట్లో కెమెరా తెర మీద ఫోటో ఉన్నదానికంటే వెలుగ్గా కనిపిస్తుంది, హిస్టోగ్రామ్‌నే నమ్మండి. నెలవంక వెలుగు ఉంటే మంచిదే, మంచు మీద నీలి కాంతి పడి నేల కనిపిస్తుంది. తలకు ఎర్ర లైటు పెట్టుకోండి, పక్కవాళ్ల ఫోటో పాడుచేయకండి.

తెర కదలడం ఆగాక కెమెరా వదిలి కాసేపు ఉత్త కళ్లతో చూడండి. ఏ దిక్కున మొదలైంది, ఎటు సాగింది, ఎంతసేపటికి మళ్లీ లేచింది అన్నది గమనిస్తే మర్నాటి రాత్రి కెమెరా ఎటు తిప్పాలో తెలుస్తుంది.

ఎనిమిదో పని: పక్షులు, జంతువులు, దూరం

వార్డో రేవు నుంచి పడవలో పది నిమిషాల్లో హోర్నోయా చేరతారు. గిల్లెమాట్‌లు, రేజర్‌బిల్‌లు, పఫిన్‌లు, కిట్టివేక్‌లు, షాగ్‌లు అనే సముద్ర పక్షులు ఒకే కొండచరియ మీద గూళ్లు పెడతాయి. పఫిన్ మీకు మూడు అడుగుల దూరంలో వచ్చి నిలబడవచ్చు. అలాంటి చోట దగ్గరి ఫోటో సులువు, అందుకే అందరి ఫోటోలూ ఒకేలా ఉంటాయి. వెడల్పు లెన్స్ తీసి ఆ చరియ, సముద్రం, మంచు గాలి కలిసొచ్చేలా ప్రయత్నించండి. మార్చిలో ఎగిరొచ్చే గిల్లెమాట్‌ల గుంపు మంచు జల్లులోంచి బయటపడే క్షణం కోసం ఆగండి. షట్టర్ 1/2000 సెకను ఉంచితే మంచు రేణువులు చుక్కల్లా ఆగుతాయి, 1/60కి తగ్గిస్తే గీతలవుతాయి. రెండూ తీసి చూడండి. కాలిబాట దాటకూడదు, అది రక్షిత ప్రాంతం.

నార్వే 2021 రెడ్ లిస్టులో కిట్టివేక్, పఫిన్ రెండూ అంతరించే ప్రమాదం ఉన్న జాతుల్లో ఉన్నాయి. 2023 వేసవిలో బర్డ్ ఫ్లూ వచ్చి వాడ్సో పరిసరాల్లో వేల కిట్టివేక్‌లు చనిపోయాయి. చచ్చిన పక్షిని గానీ, జబ్బుగా ఉన్న పక్షిని గానీ ముట్టుకోవద్దు. ఒక కాలనీ నుంచి ఇంకో కాలనీకి వెళ్లేముందు బూట్లు కడగండి.

దూరం విషయంలో యూర్యో కొక్కో సంగతి గుర్తుంచుకోదగ్గది. ఫిన్లాండ్ లాప్‌లాండ్‌లో పశువైద్యుడిగా పనిచేసిన ఆయన, వేటవల్ల దాదాపు అంతరించిపోయిన హూపర్ హంసలను వెతికి ఫోటోలు తీసి 1950లో పుస్తకంగా ప్రచురించాడు. అప్పటికి దేశంలో మిగిలినవి 15 జతలో ఎన్నో అన్నంత తక్కువ. గూళ్లు ఎక్కడున్నాయో మాత్రం బయటపెట్టలేదు. ఆ పుస్తకం చదివి జనం మనసు మారింది. ఇప్పుడు ఆ దేశంలో వేల జతలున్నాయి, హూపర్ హంస ఫిన్లాండ్ జాతీయ పక్షి. మీరూ గూడు ఫోటో ఎక్కడా పెట్టకండి, మిగతా ఫోటోల్లోంచి జీపీఎస్ వివరాలు తీసేయండి. పక్షి మెడ చాచి మిమ్మల్నే చూస్తూ మేత మానేసిందంటే మీరు ఇప్పటికే ఎక్కువ దగ్గరకు వెళ్లారని అర్థం. వచ్చిన దారిలోనే నెమ్మదిగా వెనక్కి రండి.

వార్డోలోని బయోటోప్ అనే భవన రూపకల్పన సంస్థ ఈ ప్రాంతంలో చెక్కతో గాలి మరుగులు, పక్షులు చూసే చిన్న గదులు కట్టింది. వాటిలో కూర్చుంటే గాలి తగలదు, పక్షులూ బెదరవు. బోట్స్‌ఫ్యోర్డ్ రేవులో నీళ్ల మీద తేలే హైడ్ (దాక్కుని ఫోటో తీసే గది) నుంచి కింగ్ ఐడర్‌లను కంటి ఎత్తులో తీయవచ్చు. తెల్లవారకముందే ఎక్కి కూర్చోవాలి, లేచి తిరగడానికి వీలుండదు. మన బురదలో చేసిన సాధన ఇక్కడ పనికొస్తుంది.

తొమ్మిదో పని: ఆ నేల మీద ఉన్న మనుషులు

దారి పొడవునా కనిపించే రెయిన్‌డీర్‌లు అడవి జంతువులు అనుకోకండి. ఫిన్‌మార్క్‌లో ప్రతి రెయిన్‌డీర్‌కూ అక్కడి ఆదివాసులైన సామీల కుటుంబం ఒకటి యజమాని, చెవి మీద కోసిన గుర్తు బట్టి ఎవరిదో చెబుతారు. మంచు మీద వాన పడి గడ్డకడితే కింద ఉన్న నాచులాంటి లైకెన్ వాటికి అందదు, శీతాకాలాలు వేడెక్కుతున్నకొద్దీ ఇది ఎక్కువవుతోంది. అలా బక్కచిక్కిన మందను ఫోటో కోసం పరిగెత్తిస్తే వాటికి మిగిలిన బలమూ పోతుంది. మే నెలలో పిల్లలు పుట్టే కాలం, అప్పుడు అసలు దగ్గరకు వెళ్లొద్దు. డ్రోన్ ఎగరేయొద్దు. మందలు కాసేవాళ్లను, వాళ్ల పిల్లలను ఫోటో తీయాలంటే ముందు అడగండి. వద్దంటే కెమెరా దించి, కాఫీ తాగి మాట్లాడి రండి. వాళ్లు చెప్పే వాతావరణం సంగతులు ఏ యాప్‌లోనూ ఉండవు.

నార్వేలో 1957 నుంచి చట్టబద్ధంగా ఉన్న హక్కు ప్రకారం సాగు చేయని నేల మీద ఎవరైనా నడవవచ్చు, డేరా వేసుకోవచ్చు. ఇళ్లకు 150 మీటర్ల దూరం ఉండాలి. అది అతిథికి ఇచ్చిన నమ్మకం, చెత్తా చెదారం వెంట తెచ్చేసుకోండి.

పదో పని: తిరిగొచ్చాక

ప్రతి ఫోటోకూ తేదీ, సమయం, చోటు, పక్షి పేరు, గాలి దిక్కు రాయండి. ఇది విసుగు పని, కానీ మూడేళ్ల తర్వాత మీ ఫోటోలకు విలువ తెచ్చేది ఈ రాతే. మీరు చూసిన పక్షుల వివరాలు పక్షుల నమోదు వెబ్‌సైట్లయిన ఈబర్డ్‌లో గానీ, నార్వేవాళ్ల ఆర్ట్స్‌అబ్జర్వాస్యోనెర్‌లో గానీ చేర్చండి. గూళ్ల వివరాలను మాత్రం దాచి పెట్టే ఏర్పాటు వాడండి.

సంపాదన మీద మొదట్లో ఆశ పెట్టుకోకండి. ప్రింట్లు, పత్రికల్లో ఫోటో కథనాలు, స్కూళ్లలో ప్రసంగాలు, ఇక్కడి ఫోటోగ్రాఫర్లకు వర్క్‌షాపులు, ఇలా చిన్న చిన్న దారులు కలిసి నాలుగైదేళ్లలో ఒక ఆదాయం కావచ్చు. అప్పటిదాకా ఉద్యోగం వదలొద్దు. తెలుగులో రాయండి. పులికాట్ పిట్ట వేసవిలో ఎక్కడుంటుందో మన పిల్లలకు చూపించే ఫోటో కథనాలు ఇంకా ఎన్నో రావాలి.

రెండోసారి వెళ్లడానికి ముందు మొదటి యాత్రలో కనీసం ఐదు స్థిర బిందువులు, అంటే ఏటా తిరిగొచ్చి అదే ఫోటో తీసే చోట్లు, గుర్తు పెట్టుకుని ఉండాలి. వాడ్సో దగ్గరి ఎక్కెరోయ్ చరియ కిట్టివేక్‌లకు పేరున్న చోటు. కాలిబాట మీద ఫలానా రాయి పక్కన ట్రైపాడ్ పెట్టి, ఫలానా ఫోకల్ లెంగ్త్‌లో చరియ మొత్తం తీయండి. ఆ రాయిని ఫోటో తీసి నోట్‌బుక్‌లో అంటించుకోండి. మరుసటి ఏడు అదే వారంలో, అదే రాయి పక్కన, అదే లెన్స్‌తో మళ్లీ తీయండి. రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి, ఏ అంచు మీద ఎన్ని గూళ్లున్నాయో ఒక్కొక్కటిగా లెక్కపెట్టి తారీఖుతో రాసుకోండి.